ఎవరి పేరున కట్టుకున్నావు

దగ్గరికి జరగండి, ఇంకా దగ్గరికి, ఇవి గొంతు పెంచి చెప్పే మాటలు కావు: ఫిజీకి స్వాతంత్ర్యం వచ్చి పదేళ్ళు కావస్తున్న ఏడు, లౌటోకా పక్క లోవులో, నిప్పుల గుండం తొక్కే రోజు పొద్దున, గుడి వెనక వంటపాకలో కాంతవ్వా, న్యూజిలాండ్ బడినుంచి వచ్చిన ఆమె మనవరాలు మోహినీ అనుకున్న మాటలివి.

"అట్లా గొణిగితే నాకేం వినపడుద్దే? ఆ గరిటె కింద పెట్టి ఇట్లా రా."

"గట్టిగా అంటే మామయ్య వింటాడు అవ్వా."

"మీ వేలు మామ గుండం కాడ నిప్పులు సర్దతా ఉండాడు. నీ మాటలు వినే తీరిక యాడిది వాడికి? చెప్పు."

"నేను... ఇవాళ నేను బయట ఉన్నానని పూజారికి చెప్పవా?"

"బయట ఉండావా? అయ్యో, ఎప్పటినుంచి? మైలతోనే వంటపాకలోకి వచ్చినావా?"

"లేను అవ్వా. ఉన్నానని చెప్పమంటున్నా."

"ఏందీ?"

"అరే, ధీరే బోల్ అవ్వా!"

"మెల్లగా నేనెందుకు మాట్లాడాలే? గుండం తొక్కే రోజు, అమ్మవారి పాకలో నిలబడి అబద్ధం చెప్పమంటావా నన్ను?"

"ఇంకో దారి లేదు. నువ్వు చెప్తే ఎవరూ మళ్ళీ అడగరు. మగవాళ్ళు అసలే అడగరు."

"అదీ లెక్క. బాగానే ఆలోచించినావు. మీ బళ్ళో ఇట్లాంటివి కూడా నేర్పుతారా?"

"మా బడిని ఏమీ అనకు."

"నేనేమంటా? ఫీజు కట్టించుకొని పిల్లకాయల చేత పాలు పితికించే బడిని నేనేమనగలను? టాబియా ఊళ్ళో మీ పెదతాత జన్మంతా పితికినాడు, ఒక్కరూ బళ్ళో చేర్చుకోలేదు పాపం."

"పాలు ఒక్కటే కాదు. వంట మేమే. కట్టెలు మేమే కొడతాం. పడుకునే గుడిసె మేమే కట్టుకున్నాం, మొదటి వానకి కారింది, మళ్ళీ కట్టాం. పుస్తకంలో చదివింది చదువు కాదంటారు అక్కడ. చేసింది చదువు."

"మరి నువ్వేం చేసినావు?"

"ఏమీ చెయ్యలేదు. అదే కదా గొడవ."

"ఏడవబాకు. అన్నం ఉడకతా ఉంది, దాని కాడ ఏడవకూడదు. ఇట్లా కూర్చో. మొదటినుంచి చెప్పు."

"పొద్దుగూకితే అందరం మంట చుట్టూ కూర్చుంటాం. ఒక్కొక్కరూ తను సొంతంగా చేసింది ఒకటి చెప్పాలి. చదివింది కాదు, విన్నది కాదు. ఒకడు గొర్రెకి కాన్పు చేశాడు. ఒకమ్మాయి నాన్నతో పడవేసుకుని సముద్రం మీద పోయింది. హెలెన్ వాళ్ళమ్మని ఎత్తుకుని మెట్లు దిగింది, ఆస్పత్రికి. నా వంతు వచ్చింది. నాకేముంది అవ్వా? నసీనులో ఇంటి కాడ బస్సెక్కి సువాలో బడి కాడ దిగటం, బళ్ళో ఫస్టు రావటం. అది చెప్తే నవ్వరా?"

"నవ్వితే నవ్వనీ."

"నువ్వు అక్కడ లేవు. అందరి కళ్ళూ నా మీద. నేను... నిప్పుల మీద నడిచాను అన్నాను."

"ఊఁ."

"మూడుసార్లు అన్నాను."

"ఒకసారి చాలకపోయిందా?"

"ఒకసారి అంటే నమ్మరేమోనని! అందరూ అట్లా నోరు తెరిచి చూశారు. మర్నాటినుంచి నేనంటే వేరు. కొండెక్కేటప్పుడు నన్ను ముందు నడవమన్నారు. వాగు కాడ హెలెన్ దిగలేక ఆగిపోతే, నిప్పులు తొక్కినదాన్ని నేనున్నా, చెయ్యి పట్టుకో అన్నాను. పట్టుకుంది. దాటాం ఇద్దరం."

"దాటించినావు కదా. అది చెప్పుకోవచ్చు కదే, ఆ మాట!"

"అప్పటికే అబద్ధం చెప్పేశాను అవ్వా. దాని మీదే కదా దాటింది. తర్వాత మాస్టరు అన్నాడు, ఈసారి టెర్ము అందరం ఫిజీ పోదాం, మోహిని వాళ్ళ గుడిలో పది రోజులు వాళ్ళతో పాటు ఉందాం, చూద్దాం, నేర్చుకుందాం అని. నేను వద్దనలేకపోయాను. ఇక్కడికొచ్చాక మీ అందరి ముందూ పట్టుబడతాను అనుకున్నా. మామయ్యకి ఇంగ్లీషు వచ్చు. మాస్టరు అడుగుతాడు, మామయ్య లేదంటాడు, అయిపోతుంది అనుకున్నా."

"అడిగినాడు."

"ఎవరు?"

"మీ మాస్టరు. వచ్చిన రోజే. మీ పిల్ల మూడుసార్లు తొక్కిందంట కదా అని వేలుని అడిగినాడు. వేలు తెల్లమొహం వేసి నా వంక చూసినాడు. ఏమంటున్నాడ్రా అన్నా. చెప్పినాడు."

"నువ్వేమన్నావు?"

"ఏమంటా. పదిమంది పరాయి పిల్లల ముందు నా కూతురి బిడ్డని అబద్ధాలకోరు అనిపించమంటావా? తలూపినా."

"అవ్వా!"

"ఊపినాలే. మెడ నొప్పి పుట్టేదాకా ఊపినా. నువ్వే వచ్చి చెప్తావని ఆ రోజునుంచీ చూస్తా ఉండా. నీళ్ళు పోసేటప్పుడు చెప్తుందేమో, చాప పరిచేటప్పుడు చెప్తుందేమో అని. నువ్వు ఆ చాప మీద అటు తిరిగి పడుకుంటావు, నేను ఇటు తిరిగి పడుకుంటా."

"అమ్మా! సముద్ర స్నానానికి బయల్దేరాలి, డప్పులోళ్ళు వచ్చేశారు. మోహిని ఏదీ?"

"వస్తాంది రా వేలూ! పులుసు దించి వస్తాం, నువ్వు పో!"

"పూజారి అందర్నీ లెక్క చూసుకుంటున్నాడు. తెల్లపిల్ల అప్పుడే పసుపు గుడ్డ కట్టుకుని వేపాకు పట్టుకుని నిలబడింది. తొందరగా రండి."

"వస్తున్నామంటిని కదా!"

"...విన్నావా అవ్వా? హెలెన్ నిలబడిందంట. తనూ నాతో పాటే కంకణం కట్టుకుంది. తను నిజంగా చేసింది దీక్ష అంతా. ఒంటిపూట తిండి, కింద పడక, చన్నీళ్ళు. ఒక్కరోజు కూడా తప్పలేదు."

"నువ్వు తప్పినావా?"

"పులుసు పొంగుతోంది అవ్వా, దించనా?"

"మోహినీ, నా మొహం చూసి చెప్పు. తప్పినావా?"

"నిమ్మకాయలు తెమ్మని లౌటోకా మార్కెట్‌కి పంపావు చూడు. ఆ రోజు... మాంసం కూరిన రొట్టె తిన్నాను. మటన్ పై. సగం."

"సగమా?"

"మొత్తం."

"అమ్మా తల్లీ! కంకణం చేతికుండగా!"

"కావాలనే తిన్నా అవ్వా. ఎవరైనా చూస్తారు, పూజారికి చెప్తారు, కంకణం విప్పేస్తారు, గుండం కాడికి పోయే పని తప్పుతుంది అనుకున్నా. రోడ్డు పక్కనే నిలబడి తిన్నా. కోయీ నైఁ దేఖిస్, ఒక్కరూ చూళ్ళేదు. ఈ గుడికొచ్చే సర్లా పిన్ని పక్కనుంచే పోయింది, ఆమె కూడా చూళ్ళేదు."

"నీతో ఎవరున్నారు?"

"హెలెన్. సంచి మోస్తానని వచ్చింది."

"ఆ పిల్ల చూసిందా?"

"లేదు. సంచి పట్టుకుని అటు తిరిగి నిలబడింది."

"చూసింది కాబట్టే అటు తిరిగింది."

"చూస్తే అడగదా?"

"అన్నీ అడుగుతారా మనుషులు? సరే. నువ్వు బయట ఉన్నానంటావు, నేను పూజారికి చెప్తా, నువ్వు ఇంటికిపోయి చాప మీద పడుకుంటావు. మరి ఆ పిల్ల?"

"తనేం? తను నిష్ఠగా ఉంది. తనకేం కాదు."

"నీకు తెలుసా కాదని? నేను నలభై ఏళ్ళుగా చూస్తా ఉండా ఈ గుండాన్ని. తొక్కేవాళ్ళు వాళ్ళ పాటికి వాళ్ళు తొక్కరు. పక్కన ఎవరున్నారు, ముందెవరు పోయినారు, దాని మీద నిలబడుద్ది గుండె. నీ మాట మీద ఇంత దూరం వచ్చిన పిల్ల అది. నువ్వు లేకుండా దాన్ని ఒక్కదాన్నే నిప్పుల ముందు నిలబెడతావా?"

"అయితే తననీ ఆపు! వద్దని చెప్పు!"

"నేను చెప్తే ఎందుకంటుంది. ఎందుకో చెప్పాల్సింది నువ్వు."

"చెప్పలేను అవ్వా. నా మొహం ఎట్లా చూపించను? ఇంకా ఏడాదిన్నర ఉండాలి వాళ్ళతో. ఒకే గుడిసె, ఒకే పొయ్యి. అయినా తను ఆగదు. తనకి మొక్కుంది. వాళ్ళమ్మకి బాగాలేదు, వచ్చే ముందే మళ్ళీ ఆస్పత్రిలో పెట్టారు. వాళ్ళమ్మ కోసం తొక్కుతుంటే నేనెట్లా వద్దనేది?"

"వాళ్ళమ్మ కోసమని నీకు చెప్పిందా?"

"చెప్పాలా? ఇంకెవరి కోసం?"

"నువ్వు ఎవరి పేరున కట్టుకున్నావు కంకణం?"

"అదెందుకు ఇప్పుడు?"

"ఒక్కొక్కరినే లోపలికి పిలిచి, ఎవరి కోసం అని పూజారి అడుగుతాడా లేదా? పేరు చెప్పందే దారం ముడెయ్యడు కదా. నువ్వేం చెప్పినావు?"

"...అమ్మా నాన్నా అన్నాను."

"అనలేదు. పెదాలు కదిలించినావు. పూజారికి చెముడు, సరేననుకున్నాడు. పసుపు పళ్ళెం పట్టుకుని పక్కన నిలబడింది నేనే కదే. నీ నోట్లోంచి గాలి కూడా రాలేదు."

"ఎవరి పేరు చెప్పినా వాళ్ళకి తగులుతుందని భయమేసింది. అబద్ధపు మొక్కు కదా. ఎవరి మీద పెట్టను దాన్ని?"

"ఆ మాత్రం భయం ఉందిలే. మంచిదే."

"అమ్మా! ఇంక ఆలస్యమైతే ఎండెక్కుద్ది, పెద్దోళ్ళు కోప్పడుతున్నారు!"

"ఇదిగో వేలూ, ఒక్క నిమిషం! అందర్నీ అక్కడే ఆపు, ఎవర్నీ కదలనివ్వబాకు! నేను చెప్పినానని చెప్పు!"

"ఏమైంది?"

"ఏం కాలేదు, పో!"

"అవ్వా, మామయ్య మళ్ళీ వస్తాడు. చెప్తావా చెప్పవా? నీ కాళ్ళు పట్టుకుంటా. బయట ఉందని ఒక్క మాట. బస్, అంతే, ఒక్క మాట."

"లే. కాళ్ళు వదులు. చెప్తాను."

"నిజంగా?"

"తలూపినదాన్ని, ఈ మాట చెప్పలేనా? నా బిడ్డ బిడ్డవి. చెప్పి, ఆ పాపం నేనే కట్టుకుంటా. కానీ దానికి ముందు నువ్వొకటి వినాలి. విని ఊరకుంటే కాదు, గుర్తు పెట్టుకోవాలి. నేను పోయినాక కూడా, నీకు పిల్లలు పుట్టినాక కూడా, ఒక్క ముక్క మార్చకుండా వాళ్ళకి చెప్పాలి. చెప్తావా?"

"చెప్తా. ఏంటది?"

"ఆ పిల్ల లోపలికి వచ్చినప్పుడు కూడా పసుపు పళ్ళెం నా చేతిలోనే ఉంది. పూజారి అడిగింది వేలు ఇంగ్లీషులో చెప్పినాడు, ఆ పిల్ల అన్నది తెలుగులో చెప్పినాడు. ఎవరి కోసం అంటే నీ పేరు చెప్పింది. వేలు తికమకపడి, మీ అమ్మకి బాగాలేదు కదమ్మా, ఒక కంకణానికి ఒక్క పేరే, ఆలోచించుకో అన్నాడు. దానికి ఆ పిల్ల ఏమన్నదో తెలుసా? 'మా అమ్మ పక్కన డాక్టర్లు ఉన్నారు. మోహిని ఎప్పుడూ నిప్పు తొక్కలేదు, చెప్పుకోలేక భయపడుతోంది, తన పక్కన ఎవరూ లేరు' అన్నది."