ఎనబై బండ్ల ఇసుక

అట్ల తట్ట బోర్లించి దానిమింద కూర్చుంటే ఎట్లనే ముత్తుప్పేచ్చీ? సగం కప్పు పీకి పెట్టినాము. పైకి చూడు, పడమటి దిక్కున నల్లగా కమ్ముకొని ఉండాది. ఐప్పసి నెల పుట్టకముందే వాన దిగేటట్టు ఉండాది. ఈ పొద్దు పాత ఓడు పెంకులు దించి, పైన తాటాకయినా పరచకపోతే ఈ పత్తి బేళ్ల కిట్టంగి లోపల నేలంతా బురదే. తెలిసి తెలిసి కూర్చుంటివే.

నువ్వు కూర్చునింది చాలదని నీ వెనకాల ఆ తొమ్మిదిమందీ కూర్చునేసినారు. అంగమ్మాళ్ ఒక్కతే నిలబడి ఉండాది, అదీ కొంగు నోట్లో పెట్టుకొని. అది అనిన మాటకే కదా ఇదంతా. మేస్త్రి ఆ గుంటలోకి దిగి, "పైన పలచగా తప్ప ఇసుక లేదే, ఈ పునాది నింపింది ఎవరు?" అని అడిగినాడు. అడిగితే అడిగినాడు, "మాడన్ తినేసిన ఇసుక అది" అని ఇది పళ్లు బయట పెట్టాల్నా? చచ్చిపోయిన మనిషిని, వాడి పెండ్లాం నీ ముందర. తప్పే. తప్పు కాదని నేను అంటినా?

దాన్ని తిడతాలే. దాని కూలిలో అర్దణా కోస్తాను. చాలునా? లే, తట్ట ఎత్తు.

ఏమిటికే అట్ల చూస్తావు నన్ను.

సరే, ఎండలో వద్దు, ఈ అరుగు దగ్గిరికి దా. పరవాలేదు, దా, ఎవరేమంటారు. రావా? నీ ఇష్టం. నేనే వచ్చి నిలబడతాను. తాయమ్మాళ్ కూలిదాని ముందర నిలబడి బతిమాలుకొనింది అని రేపు కోవిల్‌పట్టి అంతా చెప్పుకోనీ.

ఇదో, ఈ కాగితం చూడు. నీకు చదవను రాదు, నాకూ అంతంతే, కాని దీంట్లో ఒక్కొక్క వరసా నాకు నోటికి వస్తాది. మంగళూరు ఓడు నాలుగువేలు. తూత్తుకుడి నుంచి రయిల్లో వచ్చి ఈడ దిగేటప్పటికి రెండునూర్ల నలబై. తాటి వాసాలు అరవై. సున్నం, దాంట్లో కలిపే బెల్లం, కరక్కాయ, అన్నీ చేరి ముప్పై. మేస్త్రికి, కొయ్యపని చేసే ఆశారికి, మీ అందరికీ కూలి ఎనబై. మొత్తం నాలుగునూర్ల పది. నా చేతిలో ఉండేది నాలుగునూర్ల యాబై. పత్తి దర పడిపోయి నాలుగేండ్లయింది కదా, అది కూడబెట్టను నేను పడిన పాటు నాకే తెలుసు. నలబై రూపాయలు మిగులుతాదిలే అని మొన్నటిదాకా సుకంగా నిద్రపోయినాను.

నిన్న ఆ మహరాజు గుంట తీసినాడు.

కృష్ణసామి మేస్త్రి మంచి పనివాడు కాదనను. విరుదుపట్టిలో, అదే, ఇప్పుడు విరుదునగరం అనాలంట, ఆడ పెద్ద పెద్ద మిరపకాయల మండీలు కట్టినవాడు. నేను కప్పు మార్చను పిలిస్తే కాళ్ల కింద తవ్వినాడు. "అమ్మా, కప్పులో నేరం ఏమీ లేదు. ఉత్తరపు గోడ నాలుగు వేళ్లు బయటికి వాలి ఉండాది. గోడ వాలితే వాసం జారింది, వాసం జారితే ఓడు దిగింది. కింద ఉండేదంతా కరిసల్ నల్లమన్ను. వానకు ఉబ్బుతాది, ఎండకు పగులుతాది, గోడను తోస్తానే ఉంటాది. దీనిమింద బంగారు ఓడు పరచినా జారక మానదు" అన్నాడు. నల్లమన్ను తీసేసి ఇసుక కొట్టాలంట. ఎనబై బండ్లు. సాత్తూరు వైప్పారు ఏటినుంచి ఈడికి బండికి రూపాయి నాలుగణాలు. నూరు రూపాయలు. నాలుగునూర్ల పదికి నూరు చేర్చు. అరవై తక్కువ నాకు.

శుక్రవారం పత్తి కుంపెణీ ఏజెంటు వస్తాడు. పోయిన కార్తీక వానకు వాళ్ల బేళ్లు ఇరవై తడిసిపోయినాయి. కప్పు గట్టిగా ఉంటే ఇంకో మూడేండ్లకు బాడుగ రాసిస్తాడంట. లేకపోతే సరుకంతా విరుదునగరానికి మార్చేస్తాడంట. నెలకు పన్నెండు రూపాయలే అది. అది పోతే నాకేముంది? వానను నమ్ముకొని ఆ చేను దున్నుకోవాల, అంతే.

అందుకని అడుగుతా ఉండాను. ఈ పొద్దు లే. మూడణాల కూలిని నాలుగణాలు చేస్తాను. నీకు ఒక్కదానికే కాదు, అందరికీ.

...ఏమన్నావు? గట్టిగా చెప్పు.

ఆ ఇసుక ఏడికి పోయిందా?

ఎనిమిదేండ్ల నాటి మాట ఇప్పుడేమిటికే? మాడన్ ఉండాడా, మా ఇంటాయన ఉండాడా. ఇద్దరూ పోయినారు. ఆయన పోయి మూడేండ్లు, మాడన్ పోయి ఐదు. సిలోన్ తేయాకు తోటలో జొరం వచ్చి పోయినాడని కూలివాళ్లను తోలుకుపోయే ఆ కంగాణి మనిషి వచ్చి చెప్పిన దినం నేనే కదా నీకు రెండు మరకాళ్లు జొన్నలు అంపించింది. మరిచిపోతివా? మరిచిపోలేదా. సరే.

చూడు, ఇసుక రాలేదు. అంతే. ఎనబై బండ్లు రావల్సిందానికి ఇరవై వచ్చినాయి. మాడన్ అమ్ముకున్నాడని అనుకున్నారు. అనుకుంటారు కదా, బండి వాడిది, గుంట నింపింది వాడు. నేను అనలేదు. నా నోటితో నేను ఒక్క దినమూ అనలేదు. కావాలంటే ఈ వాకిలిమింద చెయ్యి పెట్టి చెప్తాను.

ఎవరు రానియ్యలేదా?

నువ్వు అడిగేది చూస్తే నీకు తెలిసే అడుగుతా ఉండావు.

తెలుసు నీకు. మాడన్ చెప్పే ఉంటాడు. పెండ్లానికి చెప్పకుండా ఎవరికి చెప్తాడు. ఎనిమిదేండ్లు మా చేలో కలుపు తీసినావు, పత్తి ఏరినావు, నా ముకం చూసినప్పుడల్లా నీకు తెలుసు. అయినా ఒక్క మాట అనలేదు. నన్ను ఇంకా తిట్టినా బాగుండేది కదే.

విను. నాకు దాపరికం లేదు. అప్పుడు పాత మేస్త్రి చెప్పినాడు, మిగతా మూడు దిక్కులా మోకాలి లోతుకే గట్టి సుక్కాన్ రాయి తగులుతాది, ఉత్తరం వైపు మాత్రం నిలువు లోతు నల్లమన్నే, అదంతా తీసి పారేసి ఇసుక కొట్టాలని. మా ఇంటాయన ఆ సమయానికి మిరపకాయలు అమ్మను విరుదుపట్టిలో ఉండాడు. బండి బండికీ ఇమ్మని నూరు రూపాయలు నా చేతిలో పెట్టిపోయినాడు. మాడన్ తవ్వినాడు. నేను వచ్చి చూసినాను. ఎట్లాంటి మన్ను అది. చేతిలోకి తీసుకుంటే వెన్న మాదిరి. దాంట్లో పత్తి వేస్తే రొమ్ము ఎత్తు లేస్తాది. ఆ మన్నును తట్టలకెత్తి దారిలో పారేసి, ముల్లు కూడా మొలవని ఏటి ఇసుకకు దుడ్డు పోసేదా? నాకు కడుపు మండిపోయింది. మా పుట్టింట్లో మా నాయన కాలికి అంటిన కరిసల్ మన్నును చేలోనే విదిలించి ఇంటికి వచ్చేవాడు. అట్లాంటి ఇంట్లో పుట్టినదాన్ని.

ఇరవై బండ్లు వచ్చినాక చాలని చెప్పేసినాను. ఆ మన్నే తిరిగి పోసి, నీళ్లు కొట్టి దిమ్మిసతో గట్టిగా కుమ్మి, పైన ఆ ఇరవై బండ్ల ఇసుకా పరవమన్నాను. మాడన్ వద్దనే చెప్పినాడు. "అమ్మా, చేలో ఏసవికి నెర్రె పడితే మేక కాలు విరుగుతాది, ఆ మన్నుమింద గోడ నిలుస్తాదా" అన్నాడు. నేను చేసేవాడివి చెయ్యి అన్నాను. అయ్య అడిగితే నేను చెప్పుకుంటాను అన్నాను. ఆ మాట నేను అన్నాను. అన్నానే, కాదనను.

డెబ్బైఐదు రూపాయలు మిగిలినాయి. నేను తినలేదు. ఒక్క నగ కూడా చేయించుకోలేదు. వచ్చే ఏడు విత్తనానికి లేక ఆయన అల్లాడుతా ఉంటే కొంచెం కొంచెంగా తీసి ఇచ్చినాను, అటక మిందనుంచి తీసినట్టు. ఆయన మురిసిపోయినాడు. మా ఇంటిదాని పొదుపు చూడండి అని వచ్చినవాళ్లకంతా చెప్పుకున్నాడు. చెప్పుకుంటా ఉంటే నేను మజ్జిగ ఇచ్చి లోపలికి పోయేదాన్ని.

ఆ పై ఏడే గోడ బీట ఇచ్చింది. ఆయన తవ్వించినాడు, ఇసుక లేదని చూసినాడు, మళ్లీ కొట్టించను దుడ్డు లేక బీటకు సున్నం పూసి మూసేసినాడు. తర్వాత జరిగింది నీకు నేను చెప్పాల్నా? చర్నాకోలుతో కొట్టినాడు. జతలో ఒక ఎద్దును విప్పుకొని వచ్చినాడు. ఒంటెద్దు పెట్టుకొని బండివాడు ఏం చేస్తాడు, సిలోన్‌కు పోక. మాడన్ దెబ్బలు తింటా వాకిట్లో నిలబడి ఉండాడు, నేను గడప లోపల. వాడు నన్ను చూసినాడు. రెండుసార్లు చూసినాడు. నేను చెప్తానని ఎదురు చూసినాడు.

నువ్వన్నా చెప్పుకోవచ్చు కదరా అని తర్వాత వాడిమిందనే కోపం వచ్చింది నాకు. చెప్పింటే నమ్మేవాళ్లా? ఎవరు నమ్ముతారు. వాడికి అది తెలుసు, నాకూ తెలుసు.

అయిందా? చెప్పేసినాను. లే ఇంక. ఎద్దు దుడ్డు ఇస్తాను. ఈ కాగితంలోనే రాయిస్తాను, ఓడు కింద, సున్నం కింద, మాడన్ ఎద్దు అని ఒక వరస. అరవై తక్కువ ఉండేది నూరు తక్కువ అవుతాది. చేను తాకట్టు పెడతాను.

వద్దా? మరేం కావాల?

వాళ్లకు చెప్పాల్నా. వాళ్లకు. మేస్త్రికి కూడానా?

ముత్తుప్పేచ్చీ, ఊళ్లో నేను తల ఎత్తుకొని తిరగాలే. నా మొగుడు చచ్చినాక ఇంటి గౌరవం నేనొకతినే మోస్తా ఉండాను.

...సరే. చెప్తాను. నువ్వు ఆ పక్కకు చూడు, నన్ను చూడొద్దు.

ఏ అంగమ్మాళ్, ఇట్ల దా. మీరంతా వినండి. మేస్త్రీ, నువ్వూ నిచ్చెన దిగి రా. ఈ గోడ కింది ఇసుక మాడన్ అమ్ముకోలేదు. మాడన్ ఒక తట్ట ఇసుక కూడా ముట్టలేదు. బండ్లు ఆపింది నేను. దుడ్డు దాచింది నేను. నల్లమన్ను పోయమనింది నేను. వాడు వద్దనే చెప్పినాడు. ఇకమీద మాడన్ పేరు ఎవరన్నా ఆ మాటతో ఎత్తితే వాళ్లకు ఈ తాయమ్మాళ్ గడప తొక్కే పని లేదు. విన్నారా? అంగమ్మాళ్, విన్నావా? తలకాయ ఊపేది కాదు, నోటితో చెప్పు. సరే. పో.

ఇప్పుడు లేస్తావా?

ఇంకా ఏమే... ఒక మాట ఉండాదా? అడుగు. ఇంక దాచేదానికి నా దగ్గిర ఏముంది.

ఆ దినం ఏమిటికి చెప్పలేదా.

బయపడి అని చెప్పచ్చు. నిన్నటిదాకా నాకు నేను అట్లనే చెప్పుకున్నాను. ఆయన కోపిష్టి, నన్ను కూడా కొట్టేవాడు అని. అది అబద్దమే. ఆయన ఒక్క దినమూ నామింద చెయ్యి ఎత్తలేదు. రెండు దినాలు మాట్లాడకుండా ఉంటాడు, మూడో దినం చద్దికి రమ్మని తనే పిలుస్తాడు. అంతకు మించి నాకేమీ అయ్యేది కాదు.

గడప లోపల నిలబడి నేను లెక్క వేసినానే. ఈ కాగితం రాసినట్టే వేసినాను. చెప్తే నాకు పోయేది ఇంత, మా ఇంటిదాని పొదుపు అని ఆయన చెప్పుకునే ఆ మాట. చెప్పకపోతే మీకు పోయేది ఇంత, ఒక ఎద్దు. రెండూ పక్క పక్కన పెట్టి చూసినాను. మీది తక్కువ అనిపించింది.

అంతేనే. వేరే కారణమేమీ లేదు. నిజంగా అంతే.

చినుకు పడతా ఉండాది. లేచేది లేనిది నీ ఇష్టం. నేను ఇంక అడగను.