పెద్దబోరు బాబ్జాన్

(సౌదీలోని ఖఫ్జీలో ఒక ఆయిల్ క్యాంపు గేటు పక్కన పోర్టకాబిన్. టేబులుకు అవతల, కొత్త కంపెనీ తరఫున ఫారాలు నింపే హైదరాబాదు అనీస్. ఇవతల, అదే గేటును పాత కంపెనీ కింద పన్నెండేళ్లు కాసిన ఇద్దరు: కడప జిల్లా బాబ్జాన్, ఆర్మూరు లింబాద్రి. పాత కాంట్రాక్టు ఈ వారంతో సరి. కొత్తవాళ్లు తీసుకుంటే ఉద్యోగం, లేకుంటే ఊరు.)

"ఉండాది సార్! ఉండాదంటే అట్లా ఇట్లా కాదు. నా మొట్టమొదటిదే నలభై అయిదు బోరు!"

"నలభై అయిదు... ఏంటి? రోజులా?"

"రోజులేంది సామీ, బోరు! మా సైడు బోర్లు మూడు రకాలు. నీళ్లు పడనిది ఒకటి, గుండ్లు పేలేది ఒకటి..."

"మూడోది నువ్వే గదన్నా. పన్నెండేండ్ల సంది ఇంటున్న."

"నువ్వు నోర్మూయ్ లింబాద్రీ. సార్, మా ఫ్యాక్షన్ పెద్దాయన జీపులో ముందర కూచునేటోడు, వెనకాల నేను, నా ఒళ్లో అది. చంటిపిల్లోణ్ణి మోసినట్టు మోసినా. ఒకసారి ప్రొద్దుటూరు బస్టాండులో బయటికి తీసినా చూడు..."

"బాబ్జాన్ భాయ్, ఆగండి. తీయడమేంటి? నేనడిగింది రిలీవర్. డ్యూటీ మారే టైముకి ఇంకో గార్డు రాకపోతే, వాడి బదులు నిలబడతారే, ఆ రిలీవర్. రిలీవర్‌గా ఎక్స్‌పీరియన్స్ ఉందా అని."

"రిలీవరా? నేను రివాల్వర్ అనుకున్యా."

"అర్థమైంది. మీ గొంతుకి క్యాంపు మొత్తానికి అర్థమైంది."

"పోనీలే సార్, అదీ రాసుకో. గేటుకు రివాల్వర్ పట్టినోడు దొరికితే మీ కంపెనీ అదృష్టం."

"కంపెనీ మీ చేతికిచ్చేది ఒక టార్చిలైటు, ఒక ఈల భాయ్."

"టార్చయినా గురి చూసే కొడతా."

"గది నిజం సార్. పోయిన రంజాన్‌ల పిల్లి మీద కొట్టిండు. పిల్లికేం గాలే. టార్చి పలిగింది."

"సరే చెప్పండి, ప్రింటర్ వేడెక్కే దాకా. బస్టాండులో ఏమైంది?"

"ఎదురుగా పదైదు మంది. తీసినా. మ్యాగజైన్ లోపలికి తోసినా. ధన్, ధన్, ధన్... తొమ్మిది!"

"రివాల్వర్‌కు మ్యాగజైన్ ఉండదన్నా. గుండ్రంగ తిరిగేటిది ఉంటది. ఆరే పడ్తయి."

"మాది సీమ మోడలు లేరా!"

"మరి మిగిలిన మూడు ఏడికెల్లొచ్చినయ్? నీ నున్నటి గుండు గూడ లెక్కల ఏసినవా?"

"ఒక్క నిమిషం ఇద్దరూ. భాయ్, ఈ రెండో పేజీ మన కంపెనీది కాదు, ఆయిల్ వాళ్లది. ఒక లైనుంది. ఎప్పుడైనా ఆయుధం వాడారా, దగ్గర పెట్టుకున్నారా?"

"వాడినా! పెద్ద పెద్ద అక్షరాలతో రాయి."

"ఎస్ అని రాస్తే గేట్ పాస్ రాదు."

"ఏమంటాండావు?"

"గేట్ పాస్ రాకపోతే ఇక్కడుండే పర్మిట్, ఆ ఇకామా, మన కంపెనీకి మార్చరు. ఇకామా మారకపోతే ఫైనల్ ఎగ్జిట్. అట్టపెట్టెలకు తాడు కట్టుకోవడమే."

"సార్... నేను వాడినానని ఎవురన్నారు?"

"మీరే. తొమ్మిది గుండ్లు."

"ఏసీ సౌండుకు అట్లా వినబడింటాది."

"ప్రొద్దుటూరు బస్టాండు?"

"ఆడ చెరుకురసం తాగినా. అంతకుమించి ఏమీ తీయలా, తోయలా."

"భాయ్, నా సంతకం పడే కాగితం ఇది. నిజం చెప్పండి."

"చెప్తా. లింబాద్రిని బయటికి పొమ్మను."

"నేను పోను. పన్నెండేండ్లు చూసిన సినిమా, క్లైమాక్స్‌ల లేసి పొమ్మంటవా?"

"సరే, ఉండి చావు. మా పెద్దాయన పెండ్లిండ్లకు పోయేటోడు సార్. తుపాకితో పంక్తిలో కూచుంటే బాగుండదని, దాన్ని టిఫిన్ క్యారియర్లో పెట్టి నా చేతికిచ్చేటోడు. నేను జీపులో పట్టుకొని కూచునేటోణ్ణి. మూత తీయొద్దన్నాడు. నాలుగేళ్లు తీయలా."

"ఒక్కసారి కూడా?"

"ఒక్కసారి తీసినా. పైగిన్నెలో చిత్రాన్నం ఉన్నింది."

"కింద గిన్నెలో?"

"అంత దూరం పోలా సార్. ఆకలిగా ఉన్నింది."

"అంటే మీరు రివాల్వర్ చూడనే లేదు!"

"బరువు చూసినా."

"వండర్ఫుల్. 'నో' అని రాస్తున్నా. మేనేజర్ దగ్గర స్టాంపు కొట్టించుకొస్తా, రెండు నిమిషాలు. తర్వాత లింబాద్రి."

"పోయినాడు. ఇంక నవ్వురా, ఎందుకు బిగబట్టుకుంటావు?"

"నవ్వొస్తలేదన్నా."

"నా బస్టాండు పాయె, పదైదు మందీ పాయె. నీకు మళ్లీ ఇంత మంచి రోజు రాదు."

"గా లైను నన్ను గూడ అడుగుతడా?"

"అడిగితే లేదను. నీకేమి? రూములో కోడిని కోస్తాంటేనే లేచి బయటికి పోతావు."

"గందుకే పోతనన్నా."

"ఎందుకురా?"

"పద్దెనిమిదేండ్లప్పుడు అన్నలతోని అడవిల తిరిగిన. ఒక్క వానకాలం."

"ఏ అన్నలు? ...ఆ అన్నలా!"

"మెల్లగ. ఏదో దొర గడిలకెల్లి ఒక రివాల్వర్ తెచ్చిండ్రు. గింత పొడుగు. నా చేతుల పెట్టి, గా చెట్టును కొట్టుమన్నరు. చెట్టుకేం గాలే. అది ఎనకకెగిరి గీ కనుబొమ్మ మీద తాకింది."

"ఎద్దు పొడిచిందంటివే!"

"నీకు పదిహేను మంది ఉన్నప్పుడు, నాకొక్క ఎద్దు ఉండొద్దా?"

"ఎవురికన్నా తగిలిందా?"

"నాకే. రక్తం తుడుసుకుంట నిలబడితే, రేపటికెల్లి మనిషిని కొట్టాలె, అలవాటు చేసుకో అన్నరు. గా రాత్రే ఇంటికి ఉరికిన. గా రివాల్వర్ నూనె వాసన ఇంక పోలే అన్నా. చేయి కడుక్కున్నప్పుడల్లా చూస్త."

"ఒరే! అసలుది నీ దగ్గర పెట్టుకొని, పన్నెండేళ్లు నా టిఫిన్ క్యారియర్‌కు చెవులు ఒగ్గితివా?"

"నీది మంచిగుంటది. నీ దాంట్ల అందరు ఉరుకుతరు, ఎవ్వలు సావరు."

"...వస్తాండాడు. లేదను. ఒకటే మాట. లేదు."

"స్టాంప్ అయింది బాబ్జాన్ భాయ్, మబ్రూక్. ఆ, లింబాద్రీ. ఆయుధం ఎప్పుడైనా పట్టావా?"

"లేదు సార్."

"మరి దాంట్లో మ్యాగజైన్ ఉండదని, ఆరే పడతాయని ఎలా తెలుసు?"

"గది... సినిమాల సార్."

"ఏ సినిమా?"

"పేరు యాదికి లేదు సార్."

"చూడు, రేపు వాళ్లు వెరిఫై చేస్తే నా ఉద్యోగం పోతుంది. అడుగుతున్నా. ఎలా తెలుసు?"

"నేను చెప్పినా సార్."

"మీది అయిపోయింది భాయ్. మీరు మూతే తీయలేదుగా."

"టిఫిన్ క్యారియర్ అబద్ధం. ఉద్యోగానికి ఆశపడి చెప్పినా. ఆ 'నో' కొట్టేసి ఎస్ అని రాయి."

"మ్యాగజైన్ అన్నది మీరు. సరిదిద్దింది అతను."

"పాఠం ఒప్పజెప్తాడా లేదా అని తప్పు చెప్పి చూస్తి. పన్నెండేళ్లు నేర్పిస్తే ఆ మాత్రం రాదా?"

"అన్నా, వద్దే..."

"బాబ్జాన్ భాయ్, ఆలోచించి చెప్పండి. ఇది రాశానంటే మీకు ఎగ్జిట్."

"రాయి సార్. వాడినోణ్ణి నేను. వాడు ఊరికే విన్నోడు."