సూత్‌కు మూడు మిల్లీమీటర్లు

చంద్రపూర్‌లో తుకుం బజారు వెనక ఒక రేకుల షెడ్డు, ఆదివారం పొద్దు. డ్రిల్లు మిషను పక్కన సదానందం, కుట్టుమిషను ముందు మెడలో టేపు వేసుకుని అతని భార్య సత్తమ్మ. మాట అప్పటికే ముదిరింది.

“మాట దాటియ్యకయ్యా. అడిగినదానికి చెప్పు. అంగుళానికి ఎన్ని సూత్‌లు?”

“ఎనిమిది. గిది నాకు నేర్పుతవా సత్తమ్మా?”

“సూత్‌కు ఎన్ని ఎంఎంలు?”

“మూడు.”

“మూడేనా?”

“మూడే. విసాపూర్‌ల పని నేర్సుకున్నకాడికెల్లి గదే లెక్క. మా ఉస్తాద్ చెప్పిండు. సూత్ డ్రిల్లు బిట్టుకు మూడు, రెండు సూత్‌ల బిట్టుకు ఆరు. ఎన్ని గ్రిల్లులు జేసిన, ఎన్ని గేట్లు జేసిన! ఒక్క బోల్టన్న అలిగిందా నా మీద?”

“అలగలేదు. పోశం గేటు జేసినవ్, డాక్టరమ్మ కిటికీలు జేసినవ్, వానకాలంల బడి తలుపులు జేసినవ్, అన్ని యాదికున్నయి నాకు. అవన్ని సన్న బిట్ల పనులు. ఫ్యాక్టరీల కొత్త మిషను బిగిచ్చే ప్లేట్లకు ఏ బిట్టు పెట్టినవ్? గది చెప్పు.”

“కాయితం మీద ఇరవై నాలుగు ఎంఎం అని ఉండె. మూడెనిమిదులు ఇరవై నాలుగు. ఎనిమిది సూత్‌లంటే అంగుళం. అంగుళం బిట్టు పెట్టిన, తూట్లు కొట్టిన, పంపిన. అయిపోయింది. చాయ్ పెట్టు.”

“చాయ్ యాడికి పోదు. ఇటు రా. గీ టేపు చూడు. గీ పక్క అంగుళాలు, ఆ పక్క సెంటీలు. అంగుళం గీత మీద బొటనవేలు పెట్టు. పెట్టినవా? అట్లనే పట్టుకోని మర్లెయ్. ఏడికొచ్చింది?”

“రెండున్నరకు.”

“దాటిందా, దాటలేదా?”

“జరంత దాటింది. జాకిట్లు కొలిచే టేపు తెచ్చి ఇనుముకు పెడ్తవా? గుడ్డ టేపు, సాగుతది.”

“సాగితే రెండు పక్కల సాగుతది గదయ్యా! రెండున్నర సెంటీలంటే ఇరవై ఐదు ఎంఎంలు. దాని మీద ఇంకింత. నీ లెక్కల అంగుళం ఇరవై నాలుగుకే ఆగింది.”

“ఉస్తాద్ తప్పు చెప్తడా?”

“తప్పు చెప్పలేదు, ఉజ్జాయింపుగ చెప్పిండు. సూత్‌కు మూడు మీద నూకగింజంత ఎక్కువున్నది. ఒక్క సూత్‌ల ఒక్క నూక ఎవలకు కానస్తది? ఎనిమిది సూత్‌లు పేరిస్తే ఎనిమిది నూకలు ఒక్కకాడ జమైనయి. ఇప్పుడు ఆ బోల్టులకేమైతది?”

“ఏమైతది? అవి జర్మనీ మిషను బోల్టులు. తూట్ల గట్టిగ కూసోవాలె, మెసలొద్దు అని ఫ్యాక్టరీ అనంతరావు సారు మరీ మరీ చెప్పిండు. నేను కొట్టిన తూట్ల అవి గిలక్కాయ లెక్క ఆడ్తయి.”

“మళ్ళ చిన్నగ చెయ్యరాదా?”

“తూటును పెద్దగ జేసెటోన్ని నేను. చిన్నగ జేసెటోడు ఇంక పుట్టలేదు.”

“అయితే ఏ బిట్టు పెట్టాల్సుండె?”

“అడగకు.”

“అడుగుత. ఏ బిట్టు?”

“ఏడున్నర సూత్. ఇగో, నీ టేపు మీదనే కనవడ్తుంది. ఇరవై నాలుగుకు వెంట్రుకంత తక్కువ. ఆకురాయితోని జర రాకితే బోల్టు బరాబర్ కూసుంటుండె.”

“ఏడ దొరుకుతది ఆ బిట్టు? నాగపూర్‌లనా?”

“నీ కాలుకాడ ఉన్న డబ్బాల. నూనె రాసి నేనే పెట్టిన.”

“అయ్యో నా మొగడా!”

“ఇగ తిట్టు. తిట్టు, వింట.”

“తిడ్తే ఏం వస్తది? ప్లేట్లు మంచిగుంటే ఏడాది పని మనకే ఇస్తమన్నరు. గా ఒక్క మాట పట్టుకోనే గద కండ్లు కాయలు గాసినట్టు చూస్తున్నం.”

“గది పోతే నా డ్రిల్లు మిషను కూడ పోతది. లక్కడ్‌కోట్‌కెల్లి ఒకడు కొంటనని రెండుసార్లొచ్చి చూసిపాయె. గేట్లు జేపిచ్చుకునేటోల్లు ఏరి? ఢిల్లీల సర్కారోల్లు బయటి సరుకుకు దర్వాజలు తెరిసిండ్రట, దేశం దేశం సామాను కుప్పలు పడ్తుంది. అందరికి తయారైనవే కావాలె.”

“సారుకు చెప్దాం.”

“చెప్తే పని పోతది.”

“చెప్పకుంటే ఫ్యాక్టరీల ఆ మిషను ఊగి ఊగి ఎవని మీదనో పడ్తది. అప్పుడు పని ఉన్నా, నీకు బుక్క మింగుడు పడ్తదా?”

“ఇనుము ఏడికెల్లి తెస్తవ్ మళ్ళ?”

“పాతినుము అమ్మే సారయ్య గోదాంల మందం ప్లేటు ముక్కలున్నయి. పైసలకు బదులు వాళ్ళ బిడ్డ పెండ్లి జాకిట్లన్ని నేను కుడ్త అంట. ఒప్పుకుంటడు. సారయ్య పెండ్లాం నా చేతి కుట్టు తప్ప తొడగదు.”

“పెండ్లి జాకిట్లా? నీ కండ్లు పోతయే!”

“నా కండ్లు నేను చూసుకుంట. నువ్వు సారు రాంగనే చెప్పు. అగో, సారే వస్తుండు!”

ఫ్యాక్టరీ వర్క్‌షాపు సూపర్‌వైజరు అనంతరావు, ఎప్పుడూ వచ్చే జీపు లేకుండా, సైకిలు నడిపించుకుంటూ షెడ్డు ముందుకు వచ్చాడు.

“ఏం సదానందం, ఆదివారం కూడా తెరిచావే?”

“రాండ్రి సారూ, కూసోండ్రి. సత్తమ్మా, సారుకు చాయ్!”

“చాయ్ పెడ్త గని, ముందుగాల నువ్వు చెప్పు.”

“ఏమిటమ్మా? ఏం చెప్పాలి?”

“ఏం లేదు సారూ. ఎండలు… ఎండలు మస్తు కొడ్తున్నయంటుంది.”

“అవును, బాగా కొడుతున్నాయి. మధ్యాహ్నం పూట ఈ రేకుల కింద కూర్చోగలరా?”

“అలవాటే సారూ.”

“మిషను రోజూ నడుస్తోందా?”

“నడిపిస్తే నడుస్తది.”

“అంటే, పని వస్తోందా అని. బయటి పని.”

“సారూ, ఈయనతోని కాదు గని నేను చెప్త. మీ ప్లేట్లకు తూట్లు పెద్దగైనయి.”

“సత్తమ్మా!”

“ఎందుకట్ల ఒర్లుతవ్? దొంగతనం జేసినమా? సూత్‌కు మూడని లెక్క గట్టిండు సారూ. ఏడున్నర సూత్ పెట్టేకాడ అంగుళం పెట్టిండు. ప్లేట్లు వాపస్ పంపుండ్రి. కొత్త ఇనుముతోని మళ్ళ చేసిస్తం.”

“ప్లేట్లా…”

“బిగిచ్చిండ్రా? జల్ది చెప్పుండ్రి సారూ, నా పానం కొట్టుకుంటుంది.”

“లేదమ్మా. బిగించలేదు. ఎవరికీ ఏమీ కాదు.”

“మీ కడుపు సల్లగుండ! అయితే రేపే పంపుండ్రి.”

“చూద్దాం.”

“చూద్దామంటే? పెద్దసారు కోపం జేసిండా?”

“పెద్దసారా? లేదు, లేదు. చాయ్ వద్దులేమ్మా, ఇప్పుడే తాగాను.”

“సారూ, ఒక్క మోకా ఇయ్యుండ్రి. గీ పారి టేపు పెట్టి, రెండుసార్లు చూసి కొడ్త. తప్పు పోతే నా మిషను మీరే తీస్కపోండ్రి.”

“అలా అనకు సదానందం. నీ తప్పుతో పని లేదు. ఆ జర్మనీ మిషనుకి కావలసిన ప్లేట్లు, బోల్టులు, అన్నీ దానితోపాటే పెట్టెల్లో వచ్చాయి. నువ్వు పంపినవి గేటు దగ్గర దించినచోటే ఉన్నాయి.”

“మరి మాకు పనెందుకు చెప్పిండ్రు సారూ?”

“చెప్పినప్పుడు నాకూ తెలియదమ్మా. పెట్టెలు విప్పాక తెలిసింది.”

“పోనీయుండ్రి. ఇంకో పని చెప్పుండ్రి. మీ వర్క్‌షాపుల ఎప్పుడు ఏదో ఒకటి ఇరుగుతనే ఉంటది గద?”

“వర్క్‌షాపు లేదమ్మా. శుక్రవారం తాళం వేశారు. ఇక ఏది విరిగినా ఫోను చేస్తే జర్మనీ నుంచి కొత్తదే వస్తుందట.”

“తాళమా! అండ్ల అంతమంది పనిచేస్తుండిరి, వాళ్ళేమైండ్రు?”

“సంతకాలు పెట్టించుకుని పంపేశారు.”

“మరి మీరు? మీ జీపేది సారూ?”

“అదే… అదే చెబుదామని వచ్చాను. వచ్చినప్పటినుంచీ నోరు రావడం లేదు.”

“చెప్పుండ్రి. మాకాడ శరమెందుకు?”

“నేనూ ఐటీఐలో డ్రిల్లు పట్టినవాణ్ణే. సదానందంగారూ, మీ షెడ్డులో నాకేదైనా పని ఉంటుందా?”