పుచ్చని పన్ను

పళ్ళ డాక్టరమ్మ గది. మధ్యాహ్నం. కుర్చీలో వెనక్కి వాలి ఉన్నది ఫోన్లో ఫిర్యాదులు వినే ఉద్యోగిని.

“నోరు తెరవండి... ఇంకాస్త... ఏవండీ. ఏమ్మా, నిద్రపోయారా?”

“లేదు మేడమ్. కళ్ళు మూసుకున్నానంతే.”

“గురక కూడా కళ్ళే పెట్టాయా?”

“నాకు గురక అలవాటు లేదండీ.”

“అయితే నేనే పెట్టుంటాను. సరే, ఏ పన్నన్నారు?”

“కుడివైపు, కింద. చివరిది.”

“పోయిన మంగళవారం ఎడమవైపన్నారు. అంతకుముందు పైదన్నారు. నొప్పి మీ నోట్లో అద్దిల్లు వెతుక్కుంటోందా?”

“దానిష్టం. నేనేం చెప్తానండీ దానికి.”

“ఇదిగో, తట్టి చూస్తున్నా. నొప్పుందా?”

“ఉంది.”

“ఇంకా తట్టలేదు.”

“తట్టబోతున్నారని తెలిసి నొప్పెట్టింది.”

“ఎక్స్‌రే చూడండి. ఇంత బాగున్న పన్ను నా నోట్లోనే లేదు. దీన్ని ఫొటో కట్టించి బయట గోడకి తగిలించుకుంటా.”

“పీకేయండి.”

“ఏంటి?”

“ఆ పన్ను. పీకేయండి మేడమ్.”

“పుచ్చు లేదు, వాపు లేదు, కదలడం లేదు. ఏం నేరం చేసిందని పీకాలి?”

“పీకితే మూడు రోజులు మాట్లాడొద్దంటారటగా. మా ఆఫీసులో ఒకావిడకి మీరే రాసిచ్చారు కాగితం.”

“ఆవిడ పన్ను పూర్తిగా పుచ్చిపోయింది.”

“అదృష్టవంతురాలు.”

“మాట్లాడ్డానికి అంత కష్టం ఏమొచ్చిందమ్మా మీకు?”

“కష్టమేం లేదండీ, ఉద్యోగమే అది. ఫ్రిజ్ చల్లబడట్లేదని వాళ్ళు తిడతారు, నేను సారీ చెప్తాను. రోజుకి నూటపది సారీలు. నిన్న ఇంట్లో మా చిన్నది మంచినీళ్ళడిగింది. ‘మీ ఇబ్బందికి చింతిస్తున్నాం, దయచేసి లైన్లో ఉండండి’ అన్నాను.”

“అదేం చేసింది?”

“ఫిల్టర్ పక్కన లైన్లో నుంచుంది పాపం.”

“బాగానే పెంచారు. మరి ఒంట్లో ఎలా ఉంటోంది?”

“బాగానే ఉంటుంది. అంటే, మెట్లెక్కితే దడ. తల దువ్వుకోడానికి చెయ్యి లేవదు. సాయంత్రం బాత్‌రూంలో కూర్చుని కాసేపు ఏడుస్తాను. తర్వాత బాగానే ఉంటుంది.”

“అంటే ఒళ్ళు రోజూ ఫోన్ చేసి మొత్తుకుంటోంది. మీరు దానికీ సారీ చెప్పి పెట్టేస్తున్నారు.”

“నూటపదకొండోది అనుకోండి.”

“నవ్వొద్దు. సెలవు పెట్టొచ్చుగా? మీ మేనేజరు ఇవ్వడా?”

“ఇస్తాడు. పద్దెనిమిది రోజులు మిగిలున్నాయి, వాడుకోమని ఆయనే మెసేజ్ పెట్టాడు.”

“ఓహో. అయితే ఇంట్లో నడుం వాల్చనివ్వరు. అత్తగారా?”

“ఛ, ఆవిడ పక్క వేసి మరీ పిలుస్తారు. నేనే వెళ్ళను.”

“మరి మీ ఆయన?”

“వంట నేను చేస్తాను, నువ్వు పడుకో అంటారు. చేస్తారు కూడా. గరిటె లాక్కునేది నేనే.”

“ఎవరో ఒక రాక్షసుడు దొరుకుతాడనుకుంటే, అందరూ దేవుళ్ళే ఉన్నారే మీ ఇంట్లో.”

“అదేనండీ నా బాధ. ఎవరినీ ఏమీ అనడానికి లేదు.”

“సరే, వినండి. బాగున్న పన్ను నేను పీకను. ఇదిగో దూది, బుగ్గలో పెట్టుకోండి. కాగితం మీద మూడు రోజులు విశ్రాంతి, మాట్లాడరాదు అని రాస్తున్నా. అది అబద్ధం కాదు, మీకు కావల్సిందే. పన్ను సంగతి మీ ఇష్టమొచ్చినట్టు చెప్పుకోండి. ఎవరూ నోరు తెరిపించి చూడరు.”

“చూడరండీ. వాళ్ళు నమ్ముతారు.”

“మరింకేం? తీసుకోండి.”

“వద్దు మేడమ్, పీకేయండి.”

“మళ్ళీ మొదలా? అందరూ నమ్ముతారని మీరేగా అన్నారు.”

“వాళ్ళు నమ్ముతారు. పొద్దున్నే పక్కమీద నాలుకతో తడుముకుంటాను కదా, పన్ను అక్కడే ఉందనుకోండి, నన్ను నేనే లేపి ఆఫీసుకి పంపేస్తాను.”