చల్లారని మాతె: నెల్బా ఎచెవెర్రీ గారి శిక్షణ

1989 మార్చి ఆరవ తేదీన పైసందూ పట్టణంలోని మా వృద్ధాశ్రమంలో సహాయకురాలిగా చేరిన శ్రీమతి నెల్బా ఎచెవెర్రీ గారు, ఈ నెలాఖరున శిక్షణాధికారిణిగా పదవీ విరమణ చేయనున్నారు. ఆశ్రమంలో బట్టల ఉతుకు విభాగం చూసుకునే నాకు ఈ అభినందన రాసే భాగ్యం దక్కింది. సభామర్యాద పాటిస్తాను గానీ, వారి గురించి గొప్పలు చెప్పకుండా ఉండడం నా వల్ల కాదు.

తొలి దశాబ్దం పడకలు సర్దుతూ, స్నానాలు చేయిస్తూ గడిపిన వారు, రాజధానిలో వృద్ధసేవా శిక్షణ పొంది తిరిగివచ్చి, కొత్తవారికి పని నేర్పే బాధ్యతను స్వీకరించారు. కొత్తగా చేరినవారు ఎంతటి చదువరులైనా సరే, మొదటిరోజు చక్రాల కుర్చీలో కూర్చుని, మెడకు గుడ్డ కట్టించుకుని, మరొకరి చేతి ముద్ద తినవలసిందే. "మీ నోటికి సహించనిది వాళ్ళ నోట్లో పెట్టకండి" అన్నదే వారి ప్రథమ సూత్రం.

ఆ సూత్రం రెండు జీవితాలను నిలబెట్టింది. పశువుల మందలు తోలి ముసలివాడైన దోన్ అపరీసియో గారు రోజూ సాయంత్రం మా ఆకుల తేనీరైన మాతె తాగగానే మూట కట్టుకుని గేటు దాకా నడిచేవారు. నేను ఆరేసిన తడిబట్టలు కూడా ఆ మూటలోకే పోయేవి! మతిమరుపు ముదిరిందనుకున్నాం. ఒకనాడు కొత్త సహాయకురాలు లూర్దెస్ చూస్తుండగానే ఆయన కనుమరుగై, పెద్దరోడ్డు మీద లారీల నడుమ దొరికారు. ఆయనను తాళాలు వేసే ఆశ్రమానికి పంపాలని, లూర్దెస్‌ను తొలగించాలని యాజమాన్యం నిశ్చయించింది.

నెల్బా గారు ఒక్కరోజు గడువు అడిగారు. సాయంత్రం ఆయన పక్కన కూర్చుని, ఆయనకిచ్చిన మాతె సొరబుర్రనే అందుకుని, గొట్టంతో ఒక గుక్క పీల్చారు.

"థూ! ఇదేందే లూర్దెస్, గిన్నెలు కడిగిన నీళ్ళా?"

"తాతకి చెయ్యి వణుకుద్ది, ఒలికితే కాలుద్ది, చల్లార్చి ఇమ్మన్నారక్కా!"

పెద్దాయన మూట ఒళ్ళో పెట్టుకుని నవ్వారు. "నువ్వొక్కదానివి కనిపెట్టావు తల్లీ. రోజూ మర్యాదగా పొమ్మంటున్నారు. పరువున్నోణ్ణి, ఎన్నాళ్ళని కూర్చుంటా?"

మేం సిగ్గుతో తలలు దించుకున్నాం. చల్లారిన మాతె పోస్తే, ఇక లేచి వెళ్ళవయ్యా అని అతిథికి చెప్పినట్టేనని మా పల్లెల్లో పసిపిల్లలకూ తెలుసు. జాగ్రత్త పేరిట ఆ సంగతే మరిచి, పెద్దమనిషిని రోజూ గెంటేశాం! మర్నాటి నుంచి లూర్దెస్ వేడివేడిగా పోసి, ఆయన చేతికింద తన చేయి ఆన్చి తాగించింది. మూట విప్పిన పెద్దాయన కడదాకా మా మధ్యే ఉన్నారు. యాజమాన్యం తన ఉత్తర్వును వెనక్కి తీసుకుంది. నేడు నెల్బా గారి స్థానంలో శిక్షణాధికారిణి అవుతున్నది ఆ లూర్దెసే.

నెల్బా గారూ, మీరు ఆరోగ్యంతో, మనవల అల్లరితో నిండు నూరేళ్ళు వర్ధిల్లాలి. మీకు వీడ్కోలు పలకమని నన్ను ఆజ్ఞాపించారు, పలికాను. కానీ సభ ముగిశాక మా ఉతుకు గది వెనక్కి రండి. పొగలు కక్కే మాతె పోస్తాను. దాని అర్థం మీకు నేను చెప్పాలా?