కన్వర్టర్ల పక్కన

కంప్యూటర్ రిపేరు షాపులో ఆమె సంచీలోంచి పాత హార్డ్ డిస్కు తీసి కౌంటర్ మీద పెట్టింది.

"ఇది మా కొత్త కంప్యూటర్‌కి పనికిరాదని మా ఆయనకి చెప్పండి."

"పిన్నులు పాతరకం, నిజమే. మధ్యలో కన్వర్టర్ పెడితే కొత్తదానికీ పనిచేస్తుందమ్మా."

"కన్వర్టర్ దొరకదని చెప్పండి."

"ఎందుకమ్మా?"

"ఇందులో ఆయన మొదటి భార్య ఫొటోలున్నాయి. పోయినావిడ మీద కుళ్ళేమిటని మా అత్తగారు అంటూనే ఉంటారు. కుళ్ళే, ఏం చెయ్యను."

"సారు నిన్ననే కొనుక్కెళ్ళారమ్మా. కంప్యూటర్ మార్చినప్పుడల్లా ఈ డిస్కు కోసమే వస్తారు. ఇది మూడో కన్వర్టర్."

ఆమె డిస్కును మళ్ళీ సంచీలో వేసుకుంది.

"నా ఫోను చార్జర్ పాడైందని నెల్లాళ్ళుగా మొత్తుకుంటున్నాను. రోజూ మర్చిపోయానంటారు. చార్జర్లు మీ దగ్గర ఉంటాయా?"

"ఉంటాయమ్మా. అదుగో, ఆ కన్వర్టర్ల పక్కనే."