బాధ్యత ఎవరిది? ఇరవై మార్కులు

(భోజనాల బల్ల దగ్గర ఇద్దరు: జలాశయం గేట్ల మీద అధికారి అయిన తండ్రి, రాజనీతి శాస్త్రం పరీక్ష ఒకసారి తప్పి, ఎల్లుండి మళ్లీ రాయబోతున్న కూతురు.)

“మళ్లీ అదే! ‘వాన పడింది, గేట్లు ఎత్తారు, పల్లపు వీధి మునిగింది, నలుగురు పోయారు.’ ఇది వ్యాసమా, పేపరు చదివి వినిపించడమా?”

“ఉదాహరణ రాయమన్నారుగా నాన్నా.”

“రాసి ఊరుకోమన్నారా? ప్రశ్న చదువు.”

“ప్రభుత్వంలో తప్పు జరిగితే బాధ్యత ఎవరిది? మంత్రిదా, అధికారిదా, కింది ఉద్యోగిదా? విశ్లేషించండి. ఇరవై మార్కులు.”

“పోయినసారి ఇలాంటిదానికి ఎంతొచ్చాయి?”

“మీకు తెలుసుగా.”

“నీ నోటితో చెప్పు.”

“నాలుగు.”

“చేతిరాత చూసి వేసుంటాడు, పాపం.”

“సాయంత్రం ఎంక్వైరీ వాళ్లొస్తున్నారన్నారుగా. మీ తలనొప్పి మీకుంది. నేనే చదువుకుంటాలెండి.”

“కూర్చో. వాళ్లకి ఒక్క పేరు కావాలి. దొరక్కపోతే నాది రాసుకుపోతారు. ఉద్యోగం పోతుంది, ఈ క్వార్టరు పోతుంది, నీ ఫీజు ఎవడు కడతాడో నాకు తెలీదు. సరే, అది నా గొడవ. నువ్వు చెప్పు. మంత్రి మీదకి ఎందుకు రాదు?”

“మంత్రి కాబట్టి?”

“సున్నా. ఎందుకని అడుగు. జవాబొస్తే దాన్నీ ఎందుకని అడుగు. బావిలో చేద వేసినట్టు, నీళ్లు తగిలేదాకా తాడు వదులుతూనే ఉండాలి.”

“ఆయన ఏదీ కాగితం మీద చెప్పడు. అంతా ఫోనులోనే.”

“ఎందుకు?”

“తర్వాత కాదనడానికి.”

“అబ్బో, బుర్ర కదిలింది! మరి అధికారి?”

“మీరు గేట్లు ఎత్తమన్నారు—”

“‘అధికారి’ అను. పరీక్ష హాల్లో మీ నాన్న ఉండడు.”

“అధికారి గేట్లు ఎత్తించకపోతే కట్ట తెగేది. ఊరే పోయేది. కాబట్టి ఎత్తడం తప్పు కాదు. సైరన్ మోగకపోవడం తప్పు.”

“శభాష్! ఒక్క తప్పుని రెండు ముక్కలు చేశావు. విశ్లేషణంటే అదే. ఆ రెండో ముక్క ఎవరి నెత్తిన పడుతుంది?”

“సైరన్ గదిలో మనిషి మీద. రోజూ ఆ గదిలో ఉండే మామయ్య ఆ రోజు సెలవులో ఉన్నాడు కాబట్టి సరిపోయింది. లేకపోతే... అదే, బదులుగా మీరు పెట్టిన మనిషి మీద.”

“పడితే నిలబడుతుందా?”

“ఎందుకు నిలబడదు? వెనక యూనియన్ లేదు. వకీలుని పెట్టుకునే స్తోమత లేదు. జనానికి తిట్టడానికి ఒక మొహం కావాలి, మంత్రి మొహం వాళ్లకి అందదు. మెత్తనివాణ్ణి చూస్తే మొత్తబుద్ధి అంటుందిగా అమ్మ.”

“రాయి, రాయి! దాంతోనే మొదలుపెట్టు. ఇంకా?”

“తాగి పడుకున్నాడని ఒక్క పుకారు చాలు. నిజమా అని ఎవరూ అడగరు.”

“పద్దెనిమిది! ఎక్కడ దాచావే ఇంత తెలివి?”

“మీరు నవ్వి నెలయింది నాన్నా.”

“నవ్వించావు మరి. ఎదురువాదన చెప్పు.”

“అతను అసలు డ్యూటీలోనే లేడని తేలితే మొత్తం కూలిపోతుంది.”

“తేలదు. సెలవు నోటిమాట మీద ఇచ్చాను.”

“ఎవరికి?”

“సొంత బావమరిదిని దరఖాస్తు రాయమంటానా? ‘బావా, కోడలు పిల్లకి పరీక్ష, బస్సుల్లేవు, స్కూటర్ మీద దింపొస్తా’ అన్నాడు. పోరా అన్నాను. కాగితం మీద మాత్రం వాడు డ్యూటీలోనే ఉన్నాడు.”

“మామయ్యా? బదులుగా ఇంకొకర్ని పెట్టారుగా!”

“పెడదామనుకున్నాను. పనిలో పడి మర్చిపోయాను.”

“మర్చిపోయారా!”

“అరవకు. అమ్మ వింటుంది.”

“మామయ్య నాతో ఉన్నాడు! పరీక్ష పాడైందని నేను ఏడుస్తుంటే, చీకటి పడేదాకా ఆ హాలు మెట్ల మీద నా పక్కనే కూర్చున్నాడు. తన జర్కిన్ నాకు కప్పి తను తడిశాడు. నేను చెప్తాను వాళ్లకి.”

“చెప్పు. ఎవరొద్దన్నారు? వాడు బయటపడతాడు. ఆ తర్వాత ఏమడుగుతారు?”

“సెలవు ఎవరిచ్చారని.”

“తర్వాత?”

“తర్వాతేముంది...”

“తాడు వదులు. ఇంకా నీళ్లు తగల్లేదు.”

“మిమ్మల్ని జైల్లో వేస్తారు.”

“మీ అమ్మ? నువ్వు?”

“మామయ్యకి మాత్రం ఇల్లు లేదా? అత్తయ్య కడుపుతో ఉంది నాన్నా!”

“అది వర్ణన. చదివేవాడికి జాలేస్తుంది, మార్కు పడదు. రెండు వైపులా తూచి ముగింపు చెప్పు. ఎవరు పోతే మనకి నష్టం తక్కువ?”

“నన్నెందుకు అడుగుతున్నారు?”

“వాడితో ఉన్నది నువ్వొక్కదానివే కనక.”

“నాకు ఈ పరీక్షే వద్దు.”

“తలుపు కొడుతున్నారు. కళ్లు తుడుచుకో... ఎవరూ? ఓ, నువ్వట్రా. రా, రా.”

“బావా, ఎంక్వైరీ సార్లు నా వెనకే వచ్చారు, గుమ్మంలో ఉన్నారు. ఏమే కోడలు పిల్లా, ఎల్లుండికి స్కూటర్ సిద్ధం! కొత్త బ్రేకులు వేయించా. ముందు ఈ గొడవొకటి తేల్చెయ్యవే తల్లీ. నేను డ్యూటీలో తాగి పడుకున్నానట. ఎంత చెప్పినా ఒకరి మొహాలు ఒకరు చూసుకుంటున్నారు. ఆ రోజు నీతోనే ఉన్నానని ఒక్క ముక్క చెప్పు, అయిపోతుంది.”

“చెప్పమ్మా. మామయ్య అడుగుతున్నాడుగా.”

“ఏ రోజు, మామయ్యా?”